ఎడిటర్‌లో పనిచేసిన టోకెనైజ్ జావాలో ఎందుకు మొరాయిస్తుంది? ఎక్స్‌పాత్‌లో కామాల జాబితాను విడగొట్టడం గురించి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంతలో ముందుగా తిరిగి చెబుతాను, పొరపాటు ఉంటే సరిదిద్దండి. ఒక గ్రంథాలయపు పుస్తకాల పట్టిక మీ దగ్గర ఎక్స్‌ఎంఎల్ ఫైలుగా ఉంది. అందులో ప్రతి పుస్తకానికీ "విషయాలు" అనే ఆట్రిబ్యూట్ ఉంది, దానిలో కామాలతో విడదీసిన జాబితా ఉంది:

<పుస్తకం సంఖ్య="1042" విషయాలు="కథలు, చరిత్ర, బాల సాహిత్యం"/>

"చరిత్ర" అనే విషయం కింద వచ్చే పుస్తకాలన్నీ కావాలని మీరు ఎక్స్‌పాత్‌లో, అంటే ఎక్స్‌ఎంఎల్ ఫైలులోంచి కావలసిన భాగాలను వెతికి తీసే భాషలో, ఈ క్వెరీ రాశారు:

//పుస్తకం[టోకెనైజ్(@విషయాలు, ', *') = 'చరిత్ర']

ఎక్స్‌ఎంఎల్ ఎడిటర్‌లో నడిపితే సరైన జవాబు వచ్చింది. అదే క్వెరీని జావా ప్రోగ్రాములో, జావా అభివృద్ధి సామగ్రి అయిన జేడీకేతో పాటే వచ్చే ఎక్స్‌పాత్ ప్యాకేజీ ద్వారా నడిపితే మాత్రం టోకెనైజ్ అనే ఫంక్షన్ (స్ట్రింగును, అంటే అక్షరాల వరుసను, ముక్కలు చేసేది) కనబడలేదంటూ ఎక్సెప్షన్ వచ్చింది. ఫంక్షన్ల పేర్లను ఈ జవాబులో తెలుగు లిపిలోనే రాస్తున్నాను. కోడ్‌లో పెట్టేటప్పుడు వాటి అసలు స్పెల్లింగే వాడాలని వేరే చెప్పనక్కరలేదు. ఎలిమెంట్ల పేర్లు, ఆట్రిబ్యూట్ల పేర్లు మాత్రం మీ ఫైలులో ఉన్నట్టే తెలుగులో ఉంచుకోవచ్చు, ఎక్స్‌ఎంఎల్‌కు దానితో ఏ ఇబ్బందీ లేదు.

మీ క్వెరీలో తప్పు లేదు. మీ ఎడిటర్, మీ జావా ప్రోగ్రాము ఒకే భాష మాట్లాడటం లేదు, అంతే. ఎక్స్‌పాత్ 1.0 ను వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సి 1999 నవంబర్ 16న ప్రామాణికంగా ప్రకటించింది. జేడీకేలోని ఎక్స్‌పాత్ ఇంజిన్ ఈనాటికీ ఆ 1.0 దగ్గరే ఉంది. టోకెనైజ్ వచ్చింది 2007 జనవరి 23న ప్రామాణికమైన 2.0 తో. ఆ తరువాత 2014 లో 3.0, 2017 లో 3.1 వచ్చాయి. మీ ఎడిటర్ లోపల వీటిలో ఏదో ఒక కొత్త వెర్షన్ ఇంజిన్ ఉండటం వల్లే అక్కడ క్వెరీ నడిచింది.

1.0 లో టోకెనైజ్ లేకపోవడం మరచిపోవడం వల్ల జరిగింది కాదని గ్రహిస్తే తరువాతి విషయాలు తేలిగ్గా అర్థమవుతాయి. 1.0 లో విలువల రకాలు నాలుగే: నోడ్‌ల (ఎలిమెంట్లు, ఆట్రిబ్యూట్ల వంటి భాగాల) సమితి, సంఖ్య, బూలియన్ (అవును లేదా కాదు), స్ట్రింగ్. "స్ట్రింగుల వరుస" అనే రకమే ఆ భాషలో లేదు. ఒక స్ట్రింగును మూడు ముక్కలు చేస్తే ఆ మూడింటినీ కలిపి పట్టుకోవడానికి భాషలో పాత్ర లేనప్పుడు, విడగొట్టే ఫంక్షన్ ఉండి మాత్రం ఏమి తిరిగి ఇవ్వగలదు? అందుకే ఆ వెర్షన్‌లోని 27 ఫంక్షన్లలో స్ట్రింగుల కోసం 10 ఉన్నా, అవన్నీ ఒక స్ట్రింగునో, ఒక సంఖ్యనో, అవును కాదు అనే జవాబునో మాత్రమే ఇస్తాయి. ఒక చిన్న వింత మాత్రం ఉంది. ఐడీ అనే ఫంక్షన్‌కు ఖాళీలతో విడదీసిన గుర్తుల స్ట్రింగు ఇస్తే, దాన్ని తనలో తాను ముక్కలు చేసుకుని, ఆ గుర్తులున్న ఎలిమెంట్లన్నిటినీ తెచ్చి ఇస్తుంది. ఆ ముక్కలు మాత్రం మన చేతికి రావు, నోడ్‌లే వస్తాయి. పైగా ఏ ఆట్రిబ్యూట్ ఐడీ రకానిదో డీటీడీ (ఫైలు నిర్మాణ నియమాల ప్రకటన) వంటి చోట ముందే ప్రకటించి ఉండాలి కనుక మీ పనికి అది పనికిరాదు.

ఈ ఇబ్బంది జావాకే పరిమితం కాదు. డాట్‌నెట్‌లోని సిస్టమ్ ఎక్స్‌ఎంఎల్ ఎక్స్‌పాత్, లిబ్‌ఎక్స్‌ఎంఎల్2 మీద ఆధారపడిన పైథాన్ ఎల్ఎక్స్‌ఎంఎల్, పీహెచ్‌పీలోని డామ్ ఎక్స్‌పాత్, పోస్ట్‌గ్రెస్‌లోని ఎక్స్‌పాత్ ఫంక్షన్, బ్రౌజర్లలోని డాక్యుమెంట్ ఎవాల్యుయేట్ అన్నీ 1.0 వే. జావా కనీసం "ఫంక్షన్ కనబడలేదు" అని సూటిగా చెబుతుంది. ఎల్ఎక్స్‌ఎంఎల్ కూడా "రిజిస్టర్ కాని ఫంక్షన్" అంటుంది. డాట్‌నెట్ మాత్రం నేమ్‌స్పేస్ (ఒకే పేర్లు కలిసిపోకుండా వేరు చేసే ఏర్పాటు) మేనేజర్ గానీ ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ కాంటెక్స్ట్ గానీ కావాలని, ఈ క్వెరీలో ప్రిఫిక్సో వేరియబులో సొంత ఫంక్షనో ఉందని అంటుంది. నేను పనిచేసిన ఒక చోట ఈ సందేశాన్ని నమ్మి అరపూట పాటు నేమ్‌స్పేస్ మేనేజర్‌ను రకరకాలుగా తయారు చేసి ఇస్తూ కూర్చున్నాను. దానికి తెలియని ఏ ఫంక్షన్ పేరైనా అది "సొంత ఫంక్షన్" కిందే లెక్క వేసుకుంటుందని, సమస్య నేమ్‌స్పేస్‌లో లేనే లేదని ఆ తరువాత గాని తెలియలేదు. కాబట్టి ఎక్కడైనా ఎక్స్‌పాత్ క్వెరీ ఒక చోట నడిచి మరో చోట నడవకపోతే, ముందుగా అడగవలసిన ప్రశ్న ఇంజిన్ ఏ వెర్షన్‌ది అన్నదే.

ఇక మీ పని. నిజానికి మీకు ముక్కలు అవసరం లేదు. జాబితాలో ఫలానా ముక్క ఉందా లేదా అన్న జవాబు చాలు. ఈ రెండూ వేర్వేరు అవసరాలు. ఉందా లేదా అని చూడటం 1.0 లోనే చక్కగా చేయవచ్చు. చాలామంది ముందుగా కంటెయిన్స్ ఫంక్షన్‌ను నేరుగా వాడతారు:

//పుస్తకం[కంటెయిన్స్(@విషయాలు, 'చరిత్ర')]

ఇది "సాహిత్య చరిత్ర" అన్న విషయాన్నీ పట్టుకుంటుంది, "చరిత్రకారులు" అన్నదాన్నీ పట్టుకుంటుంది. తెలుగులో ప్రత్యయాలు, సమాసాలు మాటకు అతుక్కుని వస్తాయి కనుక ఈ ప్రమాదం మనకు మరీ ఎక్కువ. "కవిత" కోసం వెతికితే "కవితలు" కూడా వచ్చి పడతాయి. దీనికి పాతకాలపు ఉపాయం ఒకటి ఉంది. జాబితాకు రెండు చివరలా కామా అంటించి, వెతికే మాటకు కూడా రెండు వైపులా కామా పెట్టి చూడాలి:

//పుస్తకం[కంటెయిన్స్(కాన్‌క్యాట్(',', ట్రాన్స్‌లేట్(@విషయాలు, ' ', ''), ','), ',చరిత్ర,')]

రెండు చివరలా కామా అంటించడం వల్ల మొదటి ముక్కకూ, చివరి ముక్కకూ, నడిమి ముక్కలకూ ఒకే నియమం వర్తిస్తుంది. ట్రాన్స్‌లేట్ ఇక్కడ ఖాళీలను తీసివేస్తోంది. డేటా ఎక్కించినవారు కొన్ని చోట్ల కామా తరువాత ఖాళీ ఇచ్చి, కొన్ని చోట్ల ఇవ్వకుండా, మరికొన్ని చోట్ల కామాకు ముందు కూడా ఇచ్చి ఉంటారు. నార్మలైజ్-స్పేస్ వరుస ఖాళీలను ఒక్కటిగా కుదించగలదు గాని, కామా పక్కన మిగిలిన ఆ ఒక్క ఖాళీని తీయలేదు. ఖాళీలన్నీ తీసివేసినప్పుడు "బాల సాహిత్యం" అన్నది "బాలసాహిత్యం" అవుతుంది కనుక, వెతికే మాటలో కూడా ఖాళీలు తీసివేయాలి. ఇతర భాషల వారికి ఇది లోపంగా అనిపించవచ్చు. మన పట్టికల్లో ఒకే విషయాన్ని ఒకరు విడదీసి, ఒకరు కలిపి రాయడం మామూలే కాబట్టి, ఇక్కడ అది మేలే చేసిందని నా అనుభవం.

బ్రౌజర్ ఆటోమేషన్ చేసేవారికి ఈ ఉపాయం కొత్త కాదు. క్లాస్ ఆట్రిబ్యూట్‌లో ఒక పేరు ఉందా అని చూడటానికి వారు కామాకు బదులు ఖాళీతో రోజూ చేసేది ఇదే. 3.1 లో దీని కోసమే కంటెయిన్స్-టోకెన్ అనే ఫంక్షన్ పెట్టారు, అయితే అది ఖాళీలతో విడదీసిన జాబితాలకే పనిచేస్తుంది, కామాలకు కాదు.

1.0 లో ముక్కలను బయటికి తీయడం మాత్రం ఇంత హాయిగా ఉండదు. మొదటి ముక్క కావాలంటే సబ్‌స్ట్రింగ్-బిఫోర్(కాన్‌క్యాట్(@విషయాలు, ','), ',') అని రాయవచ్చు. లోపల కామా అంటించకపోతే, ఒకే విషయం ఉన్న పుస్తకానికి ఖాళీ స్ట్రింగు వస్తుంది. ఈ పొరపాటు నేను లెక్కలేనన్ని సార్లు చూశాను. రెండో ముక్కకు సబ్‌స్ట్రింగ్-ఆఫ్టర్ ఫలితం మీద మళ్లీ ఇదే పని చేయాలి, మూడోదానికి దాని మీద ఇంకొకసారి. ఎన్ని ముక్కలున్నాయో ముందే తెలియని జాబితాలో చివరి ముక్క కావాలంటే 1.0 చేతులెత్తేస్తుంది, ఎందుకంటే అందులో లూపూ లేదు, రికర్షనూ లేదు. మూడు అంచెలు దాటిన క్వెరీని ఆరు నెలల తరువాత రాసినవారే చదవలేరు. అక్కడికి రాకముందే ఆ పనిని జావాకు అప్పగించడం మంచిది.

జావాకు అప్పగించేటప్పుడు రెండు చోట్ల జాగ్రత్త అవసరం. క్వెరీ ఫలితాన్ని స్ట్రింగ్ రకంగా అడిగితే, 1.0 నియమం ప్రకారం నోడ్‌ల సమితిలో మొదటి నోడ్ విలువ మాత్రమే వస్తుంది, మిగిలినవి చప్పుడు చేయకుండా జారిపోతాయి. 400 పుస్తకాలున్న ఫైలులో //పుస్తకం/@విషయాలు అని స్ట్రింగుగా అడిగి, వచ్చిన ఒక్క జాబితానూ విడగొట్టి, "మిగతావి ఏమయ్యాయి?" అని అడిగినవారు ఉన్నారు. నోడ్‌సెట్ రకంగా అడిగి, వచ్చిన ఆట్రిబ్యూట్లను ఒక్కొక్కటిగా తీసుకుని, ఒక్కొక్కదాన్ని స్ప్లిట్ చేయాలి. రెండోది, జావా స్ప్లిట్‌కూ ఎక్స్‌పాత్ టోకెనైజ్‌కూ ఉన్న తేడా. "కథలు,చరిత్ర," అని చివర కామా మిగిలిపోయిన స్ట్రింగును జావా 2 ముక్కలు చేస్తుంది, చివరి ఖాళీ ముక్కను పారేస్తుంది. టోకెనైజ్ 3 ముక్కలు ఇస్తుంది, మూడోది ఖాళీ. జావాలో కూడా ఆ ఖాళీ ముక్క కావాలంటే స్ప్లిట్‌కు రెండో విలువగా -1 ఇవ్వాలి. జావా నుంచి, కింద చెప్పబోయే శాక్సన్ అనే ఇంజిన్‌కు మారినప్పుడు లెక్కలు ఒకటి అటూ ఇటూ తేడా వస్తే, ముందు చూడవలసిన చోటు ఇదే.

పైథాన్‌లో ఎల్ఎక్స్‌ఎంఎల్ వాడేవారికి కూడా నా సలహా ఇదే: ఆట్రిబ్యూట్లను ఎక్స్‌పాత్‌తో తెచ్చుకుని, విడగొట్టడం పైథాన్‌లో చేయండి. అక్కడి స్ప్లిట్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌ను (అక్షరాల నమూనాను వర్ణించే రాతను) తీసుకోదు, ఇచ్చిన అక్షరాన్ని అక్షరంగానే తీసుకుంటుంది కనుక తలనొప్పి ఇంకా తక్కువ. 2.0 భాషే కావాలనుకుంటే ఎలిమెంట్‌పాత్ అనే ప్యాకేజీ ఉంది. సొంత ఫంక్షన్‌ను రాసి ఎల్ఎక్స్‌ఎంఎల్‌కు తగిలించే వీలు కూడా ఉంది. జావాలో కూడా ఫంక్షన్ రిజాల్వర్ ద్వారా ఆ పని చేయవచ్చు. అయితే జావాలో సురక్షిత ప్రాసెసింగ్ ఆన్ చేసి ఉంటే బయటి ఫంక్షన్లను ఇంజిన్ తిరస్కరిస్తుంది. భద్రతా తనిఖీ తరువాత ఎవరో దాన్ని ఆన్ చేసిన రోజున మీ ప్రోగ్రాము ఆగిపోతుంది. ఒక్క టోకెనైజ్ కోసం అంత సరంజామా నాకు దండగ అనిపిస్తుంది.

ఇంజిన్‌నే మార్చుకోవడం మూడో దారి. జావా ప్రపంచంలో దీనికి దాదాపు ఒకటే పేరు వినబడుతుంది, మైకేల్ కే రూపొందించిన శాక్సన్. దాని హోమ్ ఎడిషన్ ఉచితం, ఓపెన్ సోర్స్, 3.1 ను అర్థం చేసుకుంటుంది. ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు ఏమిటంటే, శాక్సన్ జార్ ఫైలును క్లాస్‌పాత్‌లో పెట్టి, పాత కోడ్‌ను అలాగే ఉంచి, టోకెనైజ్ ఇంకా పనిచేయడం లేదని విసుక్కోవడం. ఇప్పటి శాక్సన్ జార్ తనను తాను ఎక్స్‌పాత్ ఫ్యాక్టరీగా చాటుకోదు. కాబట్టి మామూలు పద్ధతిలో ఫ్యాక్టరీని అడిగితే జావా తన సొంత 1.0 ఇంజిన్‌నే ఇస్తుంది. శాక్సన్ ఫ్యాక్టరీ క్లాసును పేరు పెట్టి మీరే సృష్టించుకోవాలి.

అలా సృష్టించుకున్నా మరో గోడ ఉంది. జావా ఎక్స్‌పాత్ ఇంటర్‌ఫేస్ 1.0 కాలంలో రూపొందింది కాబట్టి, దాని ఫలితాల రకాలు ఐదే: సంఖ్య, స్ట్రింగు, బూలియన్, నోడ్, నోడ్‌సెట్. మీ క్వెరీ పుస్తకాల నోడ్‌లనే తిరిగి ఇస్తుంది, టోకెనైజ్ లోపలి షరతులో మాత్రమే ఉంది, కనుక మీకు ఈ గోడ తగలదు. రేపు ఎవరో వచ్చి "పట్టికలో మొత్తం ఎన్ని రకాల విషయాలున్నాయో జాబితా ఇవ్వండి" అంటే మీరు ఇలా రాస్తారు:

డిస్టింక్ట్-వాల్యూస్(//పుస్తకం/@విషయాలు/టోకెనైజ్(., ', *'))

దీని ఫలితం స్ట్రింగుల వరుస. పై ఐదు రకాల్లో దానికి చోటు లేదు. ఈ గోడ దాటడానికి ఫలితాలన్నిటినీ స్ట్రింగ్-జాయిన్‌తో నిలువు గీతలు పెట్టి ఒకే స్ట్రింగుగా కలిపి, జావాలోకి తెచ్చి, అక్కడ మళ్లీ విడగొట్టిన కోడ్‌ను నేను చూశాను. విడగొట్టినదాన్ని కలిపి, కలిపినదాన్ని విడగొట్టి! శాక్సన్‌కు ఎస్9ఏపీఐ అనే సొంత ఇంటర్‌ఫేస్ ఉంది. అందులో ప్రాసెసర్ నుంచి ఎక్స్‌పాత్ కంపైలర్‌ను తీసుకుని, క్వెరీని కంపైల్ చేసి, సెలెక్టర్‌కు ఫైలును అందిస్తే, ఫలితంలోని ఒక్కొక్క అంశాన్ని నోడ్ అయినా స్ట్రింగు అయినా ఒకే లూపులో అందుకోవచ్చు. శాక్సన్‌కు మారాలనుకుంటే దాని ఇంటర్‌ఫేస్‌తో సహా మారండి. సగం మారడం వల్ల ఉన్న ఇబ్బందికి తోడు కొత్తది చేరుతుంది.

పై క్వెరీలో టోకెనైజ్‌ను దారిలో చివరి అడుగుగా పెట్టాను, గమనించారా? దాన్నే టోకెనైజ్(//పుస్తకం/@విషయాలు, ', *') అని రాస్తే రకం తప్పిందన్న ఎర్రర్ వస్తుంది, ఎందుకంటే టోకెనైజ్ మొదటి విలువగా ఒక్క స్ట్రింగును మాత్రమే తీసుకుంటుంది, 400 ఆట్రిబ్యూట్లను కాదు. 1.0 అలవాటు ఉన్నవారు ఇక్కడ తడబడతారు. 1.0 అయితే మొదటిదాన్ని తీసుకుని మిగిలినవి వదిలేసేది, 2.0 నోరు విప్పి చెబుతుంది. అలాగే దారిలో టోకెనైజ్ వెంటనే [1] పెడితే ప్రతి పుస్తకానికీ మొదటి విషయం వస్తుంది. మొత్తం మీద మొదటిది ఒక్కటే కావాలంటే క్వెరీ అంతటినీ కుండలీకరణాల్లో పెట్టి, బయట [1] రాయాలి.

ఇక టోకెనైజ్ రెండో విలువ గురించి. అది మామూలు స్ట్రింగు కాదు, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్. కామా వాడినంతకాలం ఈ సంగతి ఎవరికీ గుర్తు రాదు. చుక్కతో విడదీసిన తేదీ దగ్గర గుర్తు వస్తుంది. '16.11.1999' అనే స్ట్రింగును '.' తో విడగొట్టమంటే 3 ముక్కలు రావు, 11 ఖాళీ ముక్కలు వస్తాయి, ఎందుకంటే చుక్క అంటే ఏ అక్షరమైనా అని అర్థం కాబట్టి ఉన్న 10 అక్షరాలూ విడదీసే గుర్తులే అయిపోతాయి. నిలువు గీతతో విడగొట్టమంటే ఇంకా విచిత్రం జరుగుతుంది. '|' అంటే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ భాషలో "ఇది లేదా అది". రెండు వైపులా ఏమీ లేదు కనుక అది ఖాళీ స్ట్రింగుతో సరిపోతుంది, ఖాళీతో సరిపోయే నమూనాను టోకెనైజ్ ఒప్పుకోదు, ఎఫ్ఓఆర్ఎక్స్0003 అనే ఎర్రర్ ఇస్తుంది. మీ ', *' లో ఖాళీ ఒక్కటి జారిపోయి ',*' అయినా ఇదే ఎర్రర్. చుక్కకూ గీతకూ ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలి. జావా స్ట్రింగులో బ్యాక్‌స్లాష్‌ను రెండుసార్లు రాయాలి కనుక, నేను '[.]', '[|]' అని చదరపు కుండలీకరణాల్లో రాస్తాను, ఎక్కడ ఎన్ని బ్యాక్‌స్లాష్‌లు అని లెక్కపెట్టుకునే పని తప్పుతుంది. 3.0 నుంచి మూడో విలువగా 'క్యూ' అక్షరం ఇస్తే నమూనాను ఉన్నది ఉన్నట్టుగానే తీసుకుంటుంది.

కామాకు ముందు కూడా ఖాళీలున్న డేటాకు టోకెనైజ్(నార్మలైజ్-స్పేస్(@విషయాలు), ' ?, ?') అన్నది చాలా వరకు సరిపోతుంది. ముందుగా చివరల ఖాళీలు పోయి, నడుమ ఖాళీలు ఒక్కొక్కటిగా కుదించుకుపోతాయి. ఆ తరువాత కామాకు అటూ ఇటూ ఉన్న ఒక్క ఖాళీ కూడా విడదీసే గుర్తులో కలిసిపోతుంది. ఇంకొక సంగతి: ఆట్రిబ్యూట్‌లో విషయాలను వరుసకొకటి చొప్పున కొత్త లైన్లలో రాసి, కొత్త లైను దగ్గర విడగొట్టాలని చూడకండి. ఎక్స్‌ఎంఎల్ పార్సర్ ఆట్రిబ్యూట్‌లోని కొత్త లైనును చదివేటప్పుడే ఖాళీగా మార్చేస్తుంది, మీ క్వెరీ దాకా అది రాదు.

"చరిత్ర కానివి" కావాలన్నప్పుడు = స్థానంలో != పెట్టడం మరో ఉచ్చు. ముక్కల వరుసను ఒక విలువతో పోల్చినప్పుడు, వరుసలో ఏ ఒక్కటి షరతుకు సరిపోయినా జవాబు అవును. "కథలు, చరిత్ర" అన్న జాబితాలో "కథలు" చరిత్ర కాదు కనుక != అవుననే అంటుంది. కావలసింది నాట్(టోకెనైజ్(@విషయాలు, ', *') = 'చరిత్ర') అని రాయడం.

తెలుగు డేటాతో పనిచేసేవారు ఎదుర్కొనే చిక్కు ఒకటి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఏ వెర్షన్ ఇంజిన్ అయినా ఇది తప్పదు. ఒక పట్టికలో "కంప్యూటర్" అన్న విషయం కింద పుస్తకాలు కంటికి కనిపించినన్ని లెక్కలో రావడం లేదు. తెర మీద రెండు వరుసలను పక్కపక్కన పెట్టి చూస్తే అక్షరం తేడా లేదు. స్ట్రింగ్-లెంగ్త్‌తో కొలిస్తే ఒకదానికి 9, మరొకదానికి 10 వచ్చింది. ఆ పదోది పొల్లు తరువాత అంటుకున్న జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలిసిపోకుండా ఆపే, కంటికి కనబడని గుర్తు), యూనికోడ్‌లో దాని సంఖ్య 8204. ఎక్కించినవారు మొదట "కంప్యూటర్‌లో" అని రాసి, తరువాత "లో" తుడిచేశారు. ఆ కనబడని అక్షరం మాత్రం మిగిలిపోయింది. నార్మలైజ్-స్పేస్ దాన్ని తీయదు, ఎందుకంటే దానికి తెలిసిన ఖాళీలు నాలుగే: స్పేస్, ట్యాబ్, లైన్ ఫీడ్, క్యారేజ్ రిటర్న్. వెబ్ పేజీల నుంచి కాపీ చేసినప్పుడు వచ్చే 160 నంబరు విడవని ఖాళీని కూడా అది ముట్టుకోదు. జావాలోని ట్రిమ్ గానీ స్ట్రిప్ గానీ ఆ రెండింటినీ తీయవు. పోల్చేటప్పుడు రెండు వైపులా ఇలా శుభ్రం చేసుకోవాలి:

ట్రాన్స్‌లేట్(@విషయాలు, కోడ్‌పాయింట్స్-టు-స్ట్రింగ్(8204), '')

కోడ్‌పాయింట్స్-టు-స్ట్రింగ్ 2.0 నుంచే ఉంది. 1.0 లో ఆ అక్షరాన్ని జావా నుంచి వేరియబుల్‌గా పంపాలి. ఈ శుభ్రత పోలిక కోసమే, మూల డేటాలో ఉన్నపళంగా అన్ని చోట్లా తీసేయకండి. "సాఫ్ట్‌వేర్" లోంచి దాన్ని తీస్తే "సాఫ్ట్వేర్" అయి కూర్చుంటుంది. ఐత్వంతో కూడా ఇలాంటి చిక్కే ఉంది. దాన్ని ఒకే కోడ్‌తోనూ, రెండు భాగాలుగానూ రాసే వీలు యూనికోడ్‌లో ఉంది కనుక, వేర్వేరు చోట్ల నుంచి వచ్చిన ఫైళ్లను కలిపేటప్పుడు 2.0 లోని నార్మలైజ్-యూనికోడ్ గుండా ఒకసారి నడిపించడం మంచిది.

వెతికే మాట వాడకందారు టైపు చేసేది అయితే, దాన్ని ప్లస్ గుర్తుతో క్వెరీ స్ట్రింగులో అతికించకండి. అందులో ఒక కొటేషన్ గుర్తు వస్తే క్వెరీ విరిగిపోతుంది, కావాలని చేసేవారికైతే అదొక దొడ్డిదారి. 1.0 లో కొటేషన్‌ను తప్పించి రాసే పద్ధతే లేదు. క్వెరీలో $విషయం అని రాసి, విలువను జావాలో వేరియబుల్ రిజాల్వర్ ద్వారా, శాక్సన్‌లో సెలెక్టర్‌కు వేరియబుల్‌గా, ఎల్ఎక్స్‌ఎంఎల్‌లో పేరున్న విలువగా పంపాలి. అలా చేస్తే క్వెరీని ఒక్కసారి కంపైల్ చేసుకుని ఎన్నిసార్లైనా వాడుకోవచ్చు కూడా. జావాలో కంపైల్ చేసిన ఎక్స్‌ప్రెషన్‌ను ఒకేసారి పలు థ్రెడ్ల మధ్య పంచుకోకూడదని మాత్రం గుర్తుంచుకోండి.

ఇప్పుడు మీకు నేను సూచించేది. మీ అవసరం ఈ ఒక్క క్వెరీయే అయితే శాక్సన్ తెచ్చుకోనక్కరలేదు, కామాలు అంటించే 1.0 క్వెరీని వేరియబుల్‌తో రాయండి:

//పుస్తకం[కంటెయిన్స్(కాన్‌క్యాట్(',', ట్రాన్స్‌లేట్(@విషయాలు, ' ', ''), ','), కాన్‌క్యాట్(',', ట్రాన్స్‌లేట్($విషయం, ' ', ''), ','))]

విషయాల వారీగా లెక్కలు, జాబితాలు కూడా త్వరలో కావలసి వస్తాయని అనుకుంటే ఇప్పుడే ఎస్9ఏపీఐకి మారండి. వేల సార్లు వెతకవలసిన పని అయితే మాత్రం ఈ రెండూ వద్దు. ఫైలును ఒక్కసారి చదివి, విషయం నుంచి పుస్తకాల జాబితాకు జావాలో ఒక హ్యాష్ మ్యాప్ కట్టుకోండి, ప్రతిసారీ ప్రతి ఆట్రిబ్యూట్‌నూ విడగొట్టే శ్రమ తప్పుతుంది.

ఏ దారి ఎంచుకున్నా నాలుగు వరుసలున్న చిన్న ఫైలుతో ముందు పరీక్షించండి: ఒకదానిలో "సాహిత్య చరిత్ర" మాత్రమే ఉండాలి, ఒకదానిలో జాబితా చివర కామా మిగిలి ఉండాలి, ఒకదానిలో ఆట్రిబ్యూట్ ఖాళీగా ఉండాలి, ఒకదానిలో ఆట్రిబ్యూటే ఉండకూడదు. "చరిత్ర" అని వెతికితే మొదటిది రాకూడదు. ఆ తరువాత వెతికే మాటను ఖాళీగా పంపి చూడండి. పై 1.0 క్వెరీలో అప్పుడు వెతికేది ',,' అవుతుంది, ఆట్రిబ్యూట్ ఖాళీగా ఉన్న పుస్తకమూ, లేని పుస్తకమూ, చివర కామా ఉన్నదీ మూడూ వచ్చి పడతాయి. కాబట్టి వెతికే మాటలో ఖాళీలు తీసేశాక ఏమీ మిగలకపోతే క్వెరీ దాకా వెళ్లకుండా జావాలోనే ఆపేయండి.